తుక్కా కాదు బేటీ, అందాజా

మా ఆపా కూతురు పోయినసారి టెట్ రాసింది. 150కి 71 వచ్చాయి. బీసీ-ఈ కాబట్టి తనకు 75 వస్తే చాలు. తక్కువైనవి నాలుగంటే నాలుగే మార్కులు. రిజల్ట్ వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆపా మాత్రం "తఖ్దీర్‌ల లేదు, ఏం జేస్తం" అనుకుంటూ మగ్రిబ్ నమాజ్‌కి లేచింది.

తఖ్దీర్ మీద నాకే షికాయతూ లేదు. కానీ జర్నలిస్టుని కదా, కాగితం చూడకుండా ఊరుకోలేను. "నీ రెస్పాన్స్ షీట్ తియ్యి బేటీ" అన్నాను. ఫోన్‌లో తెరిచింది. ఇద్దరం దస్తర్‌ఖాన్ మీదే కూర్చుని ఒక్కో సవాల్ చూసుకుంటూ పోయాం. చివరికి లెక్క తేలింది. 19 ప్రశ్నలు ఖాలీ. వాటికి ఏ జవాబూ పెట్టలేదు.

"టైం సాల్లేదా?"

"సాలింది ఖాలా. ఇంకా పది నిమిషాలు మిగిలింది."

"మరి?"

"మాలూం నై సో జవాబ్ కైసా డాల్‌నా ఖాలా? ఝూట్ నై హోతా?"

తెలియని దానికి తెలిసినట్టు జవాబు పెడితే అబద్ధం అవదా అని అడుగుతోంది పిల్ల. నాకు నోట మాట రాలేదు. టెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఆ 19 ప్రశ్నలకు కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా, నాలుగింటికి ఒకటి చొప్పున సగటున నాలుగైదు సహీ అయ్యేవి. లెక్క కట్టి చూశాను. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ తగిలే అవకాశం నూటికి 70 పైనే ఉంది. పిల్ల తన నిజాయితీకి ఆరు నెలల మెహనత్‌ని ఖర్చు పెట్టింది.

ఆ రోజు నుంచి ఈ మాట రాయాలని మనసులో ఉంది. మళ్ళీ ఇమ్తెహాన్ల మౌసమ్ వచ్చింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఆ ఝూట్ మాట తేల్చుకుందాం. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ఈ తరహా పర్చా పుట్టి వందేళ్ళు దాటింది. అమెరికాలోని కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన 1915 ప్రాంతంలో పిల్లల చదివే శక్తిని కొలవడానికి ఇలాంటి పరీక్ష తయారు చేశాడు. దిద్దే ఉస్తాద్ మూడ్‌ని బట్టి మార్కులు మారకూడదనీ, దిద్దడం జల్దీగా అయిపోవాలనీ ఆయన ఆలోచన. అంటే ఈ పర్చా "నీకు పూర్తిగా తెలుసా?" అని అడగడం లేదు. "ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ సరిపోతుంది?" అని మాత్రమే అడుగుతోంది. నువ్వు గవాహీ ఇవ్వడం లేదు, కసమ్ తినడం లేదు. పక్కవాడి పేపర్‌లో చూసి రాస్తే అది ధోకా. లీకైన పర్చా కొనుక్కుంటే అది హరామ్ సొమ్ము లాంటిది. నీ బుర్రలో ఉన్న సగం ఇల్మ్‌తో, ఇది కాదు, అది కాదు అని తీసేసుకుంటూ మిగిలిన దానిమీద వేలు పెట్టడం ఝూట్ కాదు. దాన్నే అందాజా అంటారు. మన బజార్లో బట్టలమ్మే చాచా కొలవకుండానే "రెండున్నర మీటర్లుంటది" అంటాడు చూడండి, అదీ అందాజానే. గాలిలో రాయి విసిరితే అది తుక్కా. రెండూ ఒకటి కాదు.

ఈ తేడాను మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పడం లేదు. ముఖ్యంగా ఆడపిల్లలకు. "పూర్తిగా తెలిస్తేనే నోరు విప్పు" అని అదబ్ నేర్పాం. పెద్దల ముందు ఆ అదబ్ బాగుంటుంది. ఇమ్తెహాన్ హాల్లో అదే అదబ్ మార్కులు తినేస్తుంది. ఇది మన ఇంటి కథే కాదు. అమెరికాలో కేథరిన్ బాల్డిగా అనే ఆర్థికవేత్త 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇదే చూసింది. తప్పుకు మార్కులు కోసే పరీక్షల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువ ప్రశ్నలు ఖాలీ వదిలేస్తున్నారని తేల్చింది. మన పిల్ల అయితే కోత లేని పర్చాలో కూడా వదిలేసి వచ్చింది.

అందుకే మొదటి మాట. హాల్‌కి వెళ్ళే ముందే పర్చా కానూన్ తెలుసుకోవాలి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, కోత లేదు. టెట్‌లో 150, కోత లేదు. అక్కడ ఒక్క సవాల్ ఖాలీ వదిలినా అది నీకు నువ్వు చేసుకున్న జుల్మ్. నీట్‌లో 180 ప్రశ్నలు. సహీ అయితే నాలుగు మార్కులు, గలత్ అయితే ఒకటి పోతుంది. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో, ఏపీపీఎస్సీ గ్రూప్-2లో తప్పు జవాబుకు మూడో వంతు పోతుంది.

దీని హిసాబ్ కష్టమేమీ కాదు. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు తుక్కా కొట్టావనుకో. సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. మూడో వంతు కోత ఉన్న చోట వచ్చింది ఒకటి, పోయింది ఒకటి. చేతిలో సున్నా. అదే ఒక్కో ప్రశ్నలో రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని తీసేశావనుకో. రెండు ప్రశ్నలకు ఒకటి తగులుతుంది, ఒకటి పోతుంది. ఒక మార్కు వచ్చి మూడో వంతు పోయింది. లాభమే. కాబట్టి కోత ఉన్న చోట నియమం ఇది: కనీసం ఒక్క ఆప్షన్ అయినా యకీన్‌తో తీసేయగలిగితే ముందుకు వెళ్ళు, రెండు తీసేయగలిగితే అసలు ఆగొద్దు, ఒక్కటీ తీసేయలేకపోతే సబర్ చేసి వదిలెయ్. తీసేయడం యకీన్‌తో జరగాలి, వహమ్‌తో కాదు. ఎందుకంటే పర్చా తయారు చేసేవాడు సగం తెలిసినవాడి కోసమే వల వేసి పెడతాడు.

ఆ వల ఎలా ఉంటుందో చూడండి. ఒకాయన ఊరికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళాడు, అదే దారిలో 60తో తిరిగొచ్చాడు. సగటు వేగం ఎంత? 40, 60 కలిపి సగం చేస్తే 50. ఆప్షన్లలో 50 తప్పకుండా ఉంటుంది, చాలాసార్లు మొదటే కనిపిస్తుంది. సరైన జవాబు 48. నెమ్మదిగా వెళ్ళినప్పుడు దారిలో ఎక్కువసేపు గడిపాడు కదా. ఆప్షన్లో నీ జవాబు కనిపించడం నీ లెక్క సహీ అనడానికి సుబూత్ కాదు. నువ్వు చేసే గలతీ వాడికి ముందే తెలుసు. దీనికి ఇలాజ్ ఒకటే. ఆప్షన్లు చూడకముందే చేత్తో మూసి, నీ జవాబు నువ్వు అనుకో. తర్వాత చెయ్యి తియ్యి.

ఇప్పుడు నా సొంత బాధ ఒకటి చెప్పాలి. పదో తరగతి దాకా నేను పాలమూరులో ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఇంట్లో అందరూ "క్యా పాగల్‌పన్ హై" అన్నారు. మూడేళ్ళు కష్టపడి తెలుగు నా జబాన్ చేసుకున్నాను. జర్నలిజం కోర్సు కోసం ఒక ఎంట్రన్స్ రాశాను. బయటికొచ్చి ఫ్రెండ్స్‌తో జవాబులు పోల్చుకుంటుంటే, తెలిసిన ప్రశ్నలే ఏడు తప్పు పెట్టానని తెలిసింది. అన్నీ ఒకే తరహావి. "క్రింది వానిలో సరికానిది." నేను దాన్ని "సరైనది" అని చదివేశాను.

ఎందుకిలా అయిందని చాలాకాలం ఆలోచించాను. ఉర్దూలో "నహీఁ" అనే మాట విడిగా నిలబడి కనిపిస్తుంది. "ఇన్ మేఁ సే కౌన్ సా సహీ నహీఁ హై" అంటే కన్ను ఆ నహీఁ దగ్గర తప్పకుండా ఆగుతుంది. తెలుగులో ఆ కాదనడం మాట లోపలికి కరిగిపోతుంది. సంబంధించినది, సంబంధించనిది. తేడా ఎంత? ఒక చిన్న గుడి. చేర్చినది, చేర్చనిది. పాల్గొన్నది, పాల్గొననిది. తెలుగు తల్లిభాషగా ఉన్నవాళ్ళే తొందరలో పడిపోతారు. ఇంట్లో దక్కనీ, బడిలో ఇంగ్లిషు, పర్చాలో గ్రాంథికం చదువుకునే మన పిల్లలు పడకుండా ఎలా ఉంటారు? పైగా తెలుగు వాక్యంలో అసలు అడిగేది చివర ఉంటుంది. నాలుగు లైన్ల సవాల్ చదివి, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి కన్ను ఆప్షన్ల మీదికి దూకేస్తుంది. అందుకే మా ఆపా కూతురికి నేను మొదట నేర్పింది ఇదే: సవాల్ చివరి మాట ముందు చదువు. కాగితం మీదైతే దాని చుట్టూ గీత గియ్యి, కంప్యూటరైతే రఫ్ షీట్ మీద "కానిది" అని రాసుకో.

అన్నట్టు, "మినహా అన్నీ సరైనవే" అని కూడా అడుగుతుంటారు. ఆ మినహా మన మాటే, అరబీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. నా తెలుగు క్లాస్‌మేట్లు తడబడిన చోట నేను తడబడని మాట అదొక్కటే!

జబాన్ ఇంకోలా కూడా దెబ్బ తీస్తుంది. జీవశాస్త్రంలో కణం అంటే ఉర్దూలో ఖలియా. భౌతికశాస్త్రంలో కణం అంటే జర్రా. ఉర్దూ మీడియం వాళ్ళకి రెండు వేరువేరు మాటలు, తెలుగులో ఒకటే. కిరణజన్య సంయోగక్రియ అంటే మనం జియాఈ తాలీఫ్ అని చదువుకున్నదే. విషయం తెలుసు, మాట తెలియదు. అప్పుడు ఏం చేయాలి? మన పోటీ పరీక్షల్లో చాలావాటికి పర్చా రెండు భాషల్లో ఉంటుంది. తెలుగు వాక్యం గజిబిజిగా ఉంటే పక్కన ఉన్న ఇంగ్లిషు వాక్యం చదవండి. నీట్‌లో అనువాదంలో షక్ వస్తే ఇంగ్లిషు పాఠమే ఆఖరి మాట అని నియమాల్లోనే ఉంది. ఈ సంగతి తెలియక తెలుగు పర్చా, ఉర్దూ పర్చా తీసుకున్న పిల్లలు ఆ పక్క లైన్ వైపే చూడరు. ఇంట్లో ఒక కాపీ పెట్టి సైన్స్ మాటలు మూడు వరసల్లో రాయించండి: ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు. ఏ కోచింగ్ ఫీజూ అక్కర్లేదు.

ఇక వాక్యాల ప్రశ్నలు. మూడు వాక్యాలిచ్చి, ఏవి సరైనవని అడుగుతారు. మనకు బాగా పరిచయమున్న విషయమే తీసుకుందాం. ఎ: చార్మినార్ 1591లో కట్టారు. బి: ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. సి: మక్కా మసీదు పని మొదలుపెట్టింది సుల్తాన్ కులీ. ఆప్షన్లు: ఎ, బి మాత్రమే, బి, సి మాత్రమే, ఎ, సి మాత్రమే, మూడూ. ఎ, బి తారీఖులు గుర్తు లేవనుకోండి. ఫికర్ లేదు. సుల్తాన్ కులీ గోల్కొండ ఖాందాన్‌కి మొదటివాడు, హైదరాబాద్ షహర్ పుట్టకముందే పోయినవాడు. చార్మినార్ కట్టించింది మహమ్మద్ కులీ. మక్కా మసీదు పని మొదలుపెట్టింది ఆయన తర్వాత వచ్చిన మహమ్మద్ కుతుబ్ షా. కాబట్టి సి గలత్. సి ఉన్న ఆప్షన్లు మూడూ పోయాయి. మిగిలింది ఒకటే. ఒక్క యకీన్‌తో పూర్తి మార్కు. కులీ, కుతుబ్ అని పేర్లన్నీ ఒకేలా ఉండటం వల్ల "ఇది మనదే, నాకు తెలుసు" అనుకుని తొందరపడితే మాత్రం మునుగుతాం. పరిచయమున్న పేరు కనిపించడం వేరు, జవాబు తెలియడం వేరు.

ఈ తలుపు అన్నిచోట్లా తెరిచి ఉండదు. యూపీఎస్సీ వాళ్ళు 2023 ప్రిలిమ్స్‌లో "పై వాక్యాలలో ఎన్ని సరైనవి? ఒకటి మాత్రమే, రెండు మాత్రమే, మూడూ, ఏదీ కాదు" అనే తరహా ప్రశ్నలు కుప్పలుగా ఇచ్చారు. ఏ వాక్యమో కాదు, ఎన్నో చెప్పాలి. ఒకటి తీసేసినంత మాత్రాన జవాబు దొరకదు, ప్రతి వాక్యమూ తెలిసి ఉండాలి. అలాంటి చోట, కోత కూడా ఉంటే, వదిలెయ్యడమే హిక్మత్.

కోచింగ్ వాళ్ళ తోట్కాల గురించి కూడా చెప్పుకోవాలి. "ఎల్లప్పుడూ, మాత్రమే, ఎన్నటికీ అని ఉంటే అది తప్పు" అంటారు. చాలాసార్లు నిజమే. కానీ 2 మాత్రమే సరి ప్రధాన సంఖ్య. ఇక్కడ "మాత్రమే" అన్నది నూటికి నూరు సహీ. "తెలియకపోతే సి పెట్టు", "పొడుగ్గా ఉన్న జవాబు పెట్టు" అంటారు. పాతకాలం స్కూల్ పర్చాల్లో పనికొచ్చి ఉండొచ్చు. జాగ్రత్తగా తయారుచేసే పెద్ద ఇమ్తెహాన్లలో దాని మీద భరోసా పెట్టుకోవడం తావీజు కట్టుకుని చదువు మానేసినట్టే.

అన్నిటికన్నా పెద్ద తోట్కా "మొదట అనిపించిందే కరెక్టు, మార్చొద్దు." నేనూ ఏళ్ళ తరబడి నమ్మాను. 2005లో జస్టిన్ క్రూగర్ తన సహచరులతో కలిసి 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి మార్చిన జాడలు లెక్కపెట్టాడు. మార్పుల్లో సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్ళాయి. ఒప్పు నుంచి తప్పుకు వెళ్ళినవి నాలుగో వంతు. మరి మనకు మార్చకూడదని ఎందుకు అనిపిస్తుంది? మార్చి పోగొట్టుకున్న మార్కు గుండెలో ముల్లులా గుర్తుంటుంది, మార్చి తెచ్చుకున్నది మర్చిపోతాం. కాబట్టి మళ్ళీ చదివినప్పుడు కారణం కనిపిస్తే మార్చండి, ఉత్త ఘబ్రాహట్‌తో మార్చకండి. ఓఎంఆర్ మీద బాల్‌పెన్‌తో దిద్దాక మార్చడం కుదరదు కాబట్టి, షక్ ఉన్నవాటికి ముందు ప్రశ్నాపత్రం మీద చిన్న గుర్తు పెట్టుకుని, తేల్చుకున్నాకే దిద్దండి. ప్రతి పది ప్రశ్నలకూ ఒకసారి నంబర్ కలుస్తోందో లేదో చూసుకోండి. ఒక్క వరస జారితే కింద ఉన్నదంతా బర్బాద్.

టైం మాట. టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. ఒక్క సవాల్‌తో కుస్తీ పడుతూ ఐదు నిమిషాలు పోగొడితే నాలుగు సులువైనవి పోయినట్టే. మూడు దౌర్లు చేయాలి. మొదటి దౌర్‌లో తెలిసినవి. రెండో దౌర్‌లో సగం తెలిసినవి, తీసివేతతో. కోత లేని పర్చా అయితే మూడో దౌర్‌లో మిగిలిన ఖాలీలన్నీ. చివరి ఐదు నిమిషాలు ఖాలీల హక్.

అమ్మీలకూ అబ్బాలకూ ఒక మాట. ఈ తద్బీర్లన్నీ మెహనత్ తర్వాతే. చదవని పిల్లని ఇవి గట్టెక్కించవు. చదివిన పిల్ల నాలుగు మార్కుల దగ్గర ఆగిపోకుండా కాపాడతాయి, అంతే. కానీ ఆ నాలుగు మార్కులే మన ఇళ్ళల్లో ఎన్ని జిందగీలు మార్చేస్తున్నాయో మీకు తెలుసు. టెట్ దాటితేనే డీఎస్సీ గుమ్మం. దాటని పిల్లకు "ఇంక చాల్లే, రిష్తా చూద్దాం" అంటారు. ఆమె చదువు అక్కడితో ఖతమ్. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమని మనం చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. 19 ప్రశ్నలు ఖాలీ వదిలి తఖ్దీర్ అనడం, ఒంటెను విప్పేసి దువా చేయడం లాంటిది.

ఆ రాత్రి మేమిద్దరం ఆ 19 ప్రశ్నల్ని మళ్ళీ తిరగేశాం. జవాబు చెప్పమని అడగలేదు నేను. "ఏది కాదో చెప్పు" అన్నాను. పదకొండు ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు టకటకా తీసేసింది. మిగిలిన రెంటిలో ఒకటి ఎంచమంటే, ఆరు సహీ పెట్టింది. నాలుగు చాలు కదా అనుకున్నాం ఇద్దరం. కాసేపు ఏడ్చింది. తర్వాత కాపీ తెచ్చుకుంది.

నిన్న మళ్ళీ రాసి వచ్చింది. సాయంత్రం ఫోన్ చేసింది. "ఎట్ల రాసినవ్ బేటీ?" అని అడిగాను.

"రిజల్ట్ అల్లా చేతిలో ఉంది ఖాలా. ఖాలీ మాత్రం ఒక్కటి గూడ వదల్లే."